మైపాడు ఇసుకలో మిలిటరీ బండి

దసరా సెలవులిచ్చిన మర్నాడు పొద్దున్నే దొరవారిసత్రం స్టేషనులో నెల్లూరు వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాం. మా ఆయన చేతిలో ఒక గుడ్డసంచి, నా చేతిలో చద్దన్నం క్యారియరు. ఎక్కడికని అడిగినవాళ్ళకు చెప్పడానికి ఇద్దరికీ మొహమాటంగానే ఉండింది. మేము వెళుతున్నది ఒక పాత మోటారుసైకిలు కొనడానికి. అప్పటిదాకా మా ఇద్దరిలో ఎవరమూ మోటారుసైకిలు మీద చెయ్యి కూడా వేసి ఎరగం.

పందొమ్మిదివందల అరవైల మొదటి ఏళ్ళ మాట ఇది. నేను దొరవారిసత్రంలో మిడ్‌వైఫుగా పనిచేస్తుండేదాన్ని. ఊళ్ళో అందరికీ నర్సమ్మను. మా ఆయన ఎలిమెంటరీ బడిలో మాస్టారు. పులికాట్ సరస్సు వైపున్న పల్లెలన్నిటికీ కాన్పులకు నేనే దిక్కు. సైకిలు తొక్కడం ట్రైనింగులో ఉన్నప్పుడే నేర్చుకున్నాను కానీ, ఎదురుగాలిలో ఆ దూరాలు తొక్కుకుంటూ పోయేసరికి నా చేతుల్లో పనిచేసే బలం మిగిలేది కాదు. అంతకుముందు ఏడు వానల్లో సరస్సు ఒడ్డు పల్లె నుంచి కబురొస్తే ఎడ్లబండి కట్టించుకుని బయలుదేరాను. దారిలో బండి ఇరుసు దాకా బురదలో దిగబడింది. దిగి నడిచి నేను చేరేసరికి తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఇంటి పెద్దావిడ నా కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇంటికొచ్చి ఈ సంగతి మా ఆయనకు చెప్పాను. మర్నాడు బడికి వెళుతూ గడపలో ఆగి, "మనం మోటారుసైకిలు కొందాం" అన్నారు.

కొత్త బండి మా జీతాలకు అందేది కాదు. అందినా ఆ రోజుల్లో పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. కాబట్టి పాతది చూసి, బాగుచేయించుకుందామని అనుకున్నాం.

నాయుడుపేటలో ఎండుచేపల గంపతో ఒకామె ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. "యాడికమ్మా, సినిమాకా?" అని అడిగింది. ఇక దాచలేక చెప్పేశాను. ఆమె మా ఆయన కాళ్ళవైపు ఒకసారి ఎగాదిగా చూసింది. "ఈ అయ్యకా? దాన్ని కాలితో తంతేగాని లెయ్యదంట గదా!" అంది. పెట్టెలో అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వి, పంచె సర్దుకున్నారు.

నెల్లూరులో దిగి హోటల్లో భోజనం చేశాం. మొలగొలుకుల సన్నబియ్యం అన్నం, చేపల పులుసు. నెల్లూరు వెళ్ళినవారు తొందరలో ఉన్నా సరే ఆ భోజనం మానుకోకూడదని నా సలహా. ఎండ కాస్త తగ్గాక ట్రంకు రోడ్డు చివరన ఉన్న మస్తాన్ సాయిబు షెడ్డుకు వెళ్ళాం. మా ఆయనతో పనిచేసే మాస్టారొకాయన ఈ సాయిబు పేరు చెప్పి పంపారు. మస్తాన్ నలభై ఏళ్ళ మనిషి. చేతులకు గ్రీజు, చెవి మీద పెన్సిలు ముక్క. మా పని విని, ఎవరో అమ్మిపెట్టమని ఆయన దగ్గర వదిలి వెళ్ళిన బండిని చూపించారు. ఎర్రరంగు వేసి ఉంది. పెళ్ళికొడుకు గుర్రంలా నిగనిగలాడుతోంది. మా ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఆయన ముఖం చూస్తే కొనేసినట్టే ఉంది.

నాకు బండి సంగతి ఏమీ తెలియదు. ఊరికే వంగి, సీటు కింద ఉన్న గొట్టం మీద చెయ్యి పెట్టి తడిమాను. ఒకచోట రంగు కింద వాపులాగా తగిలింది. "ఇదేంది మస్తానన్నా, ఇక్కడ ఉబ్బింది?" అని అడిగాను.

మస్తాన్ నవ్వారు. "నేను చెప్పబోయేలోపే మీరే పట్టేసినారు. అక్కడ ఫ్రేము విరిగింది. అతికించి పైన పెయింటు కొట్టినారు. టౌనులో సినిమాకి పొయ్యేవాళ్ళకైతే సరే. పల్లెల్లో గుంటల్లో తిరిగేవాళ్ళని దీని మీద నేను పంపను."

"మరి మాకు ఏది మంచిదంటారు?" అన్నారు మా ఆయన దిగాలుగా.

"పాతబండి కొనేటప్పుడు రంగు చూడబాకండి మాస్టారూ. అది రేపొద్దున నేనైనా వేస్తా. ఫ్రేము నిటారుగా ఉండాల. ఇంజను పట్టేసి ఉండకూడదు. ఈ రెండూ బాగుంటే తక్కినవన్నీ మార్చుకోవచ్చు." కాసేపు ఆలోచించి, "మైపాడులో ఒకటుండాది. మిలిటరీ బండి. చూసేదానికేం బాగుండదు. రేపు నాకూ పెద్ద పనేం లేదు, తోడొస్తా. దాన్ని చూసి నాకూ రెండేళ్ళయింది" అన్నారు.

ఆ రాత్రి స్టేషను దగ్గర సత్రంలో పడుకున్నాం. నల్లులు విపరీతం. వెళ్ళేవారు సొంత దుప్పటి తీసుకెళ్ళడం మంచిది.

మర్నాడు పొద్దెక్కాక బస్సులో మైపాడు బయలుదేరాం. చేపల బుట్టలు ఖాళీ చేసుకుని తిరిగివెళ్ళే ఆడవాళ్ళతో బస్సు నిండిపోయింది. ఇందుకూరుపేట దాటాక పచ్చటి వరిపొలాలు పలచబడి, నేల తెల్లగా మారింది. అక్కడివాళ్ళు సర్వి అనే సరుగుడు తోపుల హోరు బస్సు చప్పుడును మించి వినిపించసాగింది. బస్సు దిగి కొంతదూరం నడిస్తే బకింగ్‌హాం కాలువ. అంత పొడుగు పడవలు నేనెప్పుడూ చూడలేదు. సర్వికట్టెలు ఇంటి ఎత్తున పేర్చుకుని మద్రాసు వైపు వెళుతున్నాయి. గట్టు మీద మనుషులు నడుముకు తాడు కట్టుకుని, ముందుకు వంగి, ఆ పడవలను లాగుతున్నారు. అడుగు తీసి అడుగు వేస్తుంటే అంత బరువూ నీళ్ళ మీద మెల్లగా కదులుతోంది. మస్తాన్ పిలిచేదాకా నేను అక్కడే నిలబడిపోయాను.

చిన్న పడవలో కాలువ దాటి, సర్వితోపు పక్కనున్న పూరింటికి చేరాం. అది మిలిటరీ పెంచలయ్య గారి ఇల్లు. యుద్ధకాలంలో ఆయన మోటారుసైకిలు మీద ఉత్తరాలు మోసే పని చేశారట. యుద్ధం అయ్యాక మద్రాసులో మిలిటరీ వాళ్ళు వేలం వేస్తే ఈ బండి కొనుక్కుని ఇంటికి వచ్చారు. తోపు కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీగా ఉంటూ పదిహేనేళ్ళు దీని మీదే తిరిగారు. రెండేళ్ళ కిందట కంటినరాలు దెబ్బతిని చూపు పోయింది. ఎదురుగా ఉన్నది వెలుగో నీడో మాత్రం తెలుస్తుంది.

ఆయన భార్య రవణమ్మ మజ్జిగ ఇచ్చింది. బండి వసారాలో గోనెపట్టాల కింద ఉంది. పట్టాలు తీసేసరికి మా ఆయన నిట్టూర్చారు. ఉప్పుగాలికి పైనంతా తుప్పు. టైర్లు ఎండి పగుళ్ళిచ్చాయి. సీటులోంచి కొబ్బరిపీచు బయటికొచ్చింది. సైలెన్సరు గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టాయి. మస్తాన్ మాత్రం ఫ్రేము పొడుగునా చెయ్యి నిమిరి, పనిముట్ల సంచి విప్పారు.

ఆయన ఇంజను హెడ్డు ఊడదీసిన క్షణం నాకు ఈనాటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. అంత తుప్పు మధ్యలో, లోపల సిలిండరు గోడ అద్దంలా మెరుస్తోంది. వంగి చూస్తే నా ముఖం అందులో కదిలింది. మస్తాన్ కూడా ఆశ్చర్యపోయారు. "ఇదెట్లా పెద్దయ్యా?"

"వారానికొకతూరి ప్లగ్గు విప్పి రోంత నూనె పోస్తా. కిక్కు తొక్కి తిప్పుతా. దానికి కళ్ళెందుకు?" అన్నారు పెంచలయ్య. "నడిపేదానికే కళ్ళు కావాల."

రెండేళ్ళుగా ఆ మనిషి, తాను ఎక్కలేని బండికి వారం వారం ఆ పని చేస్తూనే ఉన్నాడు.

మస్తాన్ పనిచేస్తుంటే ఆయన మావైపు తిరిగి అడిగారు. "బండి ఎవరి కోసం?"

"నా పనికే పెద్దయ్యా. కాన్పులకు పోవడానికి."

"నడిపేదెవరు?"

"మా ఆయన."

"మాస్టారు బడిలో ఉన్నప్పుడు నొప్పులొచ్చినాయనుకో. అప్పుడు?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇన్ని నెలలుగా మాట్లాడుకున్నాం, రైలెక్కి వచ్చాం, ఈ ప్రశ్న మాకు తట్టనేలేదు. లేక నాకు తట్టి, పైకి అనడానికి ధైర్యం చాలలేదో.

"ఆడమనిషి నడుపుతుందా?" అన్నాను మెల్లగా.

"ఎందుకు నడపదు? యుద్ధంలో పైదేశాల్లో నేను చూసినా గదా. తెల్లోళ్ళ ఆడపిల్లలు ఈ బండ్ల మీదే మా మాదిరే ఉత్తరాలు మోసేవాళ్ళు. వానలో, బురదలో, లైటు కూడా వేసుకోకుండా పోతాండిరి. ఒకతూరి నా చెయిను తెగితే ఒక పిల్ల దిగి వేసిచ్చి పోయింది. పేరు కూడా చెప్పలా."

ఆ మాట ఆయన ఏమంత విశేషం కానట్టుగా చెప్పారు. నేను మాత్రం లేచి వెళ్ళి, బండి హ్యాండిలు ఒకసారి పట్టుకుని చూశాను.

ఆ పూట, ఆ రాత్రి అక్కడే ఉన్నాం. రవణమ్మ మెత్తళ్ళనే చిన్న చేపల కూర వండి పెట్టింది. మర్నాడు మధ్యాహ్నానికి టాంకీ కడగడం, కార్బురేటరు శుభ్రం చేయడం, కందిరీగల గూడు పొడిచి తీయడం అయిపోయాయి. పగిలిన టైర్లలోనే గాలి నింపి, మెల్లగా నడిపితే ఈ పూటకు ఆగుతాయన్నారు మస్తాన్. పెట్రోలు పోసి కిక్కు కొట్టారు. దగ్గింది, ఆగింది. మళ్ళీ కొట్టారు. నల్లటి పొగ వదిలి, తడబడుతూ తడబడుతూ మొదలై, చివరికి ఒక్క తీరున కొట్టుకోసాగింది. తల్లి కడుపు మీద గొట్టం ఆనించి వింటే, ముందు ఏమీ వినపడక, తర్వాత ఒక్కసారిగా బిడ్డ గుండె చప్పుడు చెవికి దొరుకుతుంది. ఆ సంతోషం నాకు తెలుసు. అదే నాకు అక్కడ కలిగింది. పెంచలయ్య గోడకు ఆనుకుని నిలబడి, తల వంచి వింటున్నారు.

తోపు దాటించి బండిని ఒడ్డుకు తోసుకెళ్ళాం. అప్పుడు చూశాను సముద్రాన్ని. పుట్టి పెరిగింది నెల్లూరు జిల్లాలోనే అయినా మాది మెట్ట ప్రాంతం. సరస్సును రోజూ చూస్తున్నాను కనుక సముద్రమూ అలాగే ఉంటుందనుకునేదాన్ని. ఎంత పొరపాటు! అది ఊరికే ఉన్న నీళ్ళు కాదు. లేచి వస్తోంది, విరుగుతోంది, వెనక్కు పోయి మళ్ళీ లేస్తోంది. అవతలి ఒడ్డు అనేది లేదు. నా కాళ్ళ కింద ఇసుక జారుతుంటే మా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

అల వెనక్కు పోయిన చోట ఇసుక తారురోడ్డులా గట్టిగా ఉంటుంది. మొదట మా ఆయన ఎక్కారు. క్లచ్చి వదిలారో లేదో బండి ఒక్క గంతు వేసి ఆగింది. రెండోసారి పదిగజాలు వెళ్ళి పక్కకు ఒరిగి, ఆయనను తడి ఇసుకలో పడేసింది. దెబ్బ తగల్లేదు. ఇసుక దులుపుకుంటూ, "ఇక నువ్వు చూడు" అన్నారు. నేను ఆయన ముఖంలోకి చూశాను. అందులో వెటకారం లేదు.

రవణమ్మ నన్ను చాటుకు తీసుకెళ్ళి, నాట్లు వేసే ఆడవాళ్ళలా నా చీర గోచీ పోసి బిగించింది. బండి ఎక్కాను. వెనక పెంచలయ్య ఎక్కి కూర్చున్నారు. "క్లచ్చి తటాలున వదలబాక. పసిబిడ్డని పక్కమీద దించినట్టు వదులు" అన్నారు. అలాగే వదిలాను.

బండి కదిలింది. నా కింద భూమి వెనక్కు పోవడం మొదలుపెట్టింది.

దక్షిణానికి వెళుతున్నాం. ఎడమవైపు సముద్రం. గాలికి కళ్ళు నీళ్ళు తిరుగుతున్నాయి. నేను చూసి నడుపుతున్నాను, ఆయన విని చెబుతున్నారు. "అల దగ్గరయింది, కుడికి రా... ఇంజను మూలుగుతోంది, గేరు మార్చు... కుడికాలితో, భయపడబాక." ముందు అలివి వల లాగుతున్నవాళ్ళు కనిపించారు. సముద్రంలోంచి ఒడ్డు దాకా మోకు బిగిసి ఉంది. పది పదిహేనుమంది దాన్ని పట్టుకుని వెనక్కు వాలి లాగుతున్నారు. ఎలా ఆపాలో నాకు గుర్తురాలేదు. "పెద్దయ్యా, తాడు!" అని అరిచాను. ఆయన లేచి నిలబడినంత పని చేసి, గొంతెత్తి ఏదో కేక వేశారు. మోకు పట్టుకున్నవాళ్ళు తిరిగి చూశారు. గోచీ కట్టిన ఆడమనిషి, వెనక మిలిటరీ పెంచలయ్య. వాళ్ళలో పెద్దాయన ఏదో అన్నాడు. అందరూ ఒక్కసారి మోకును వదులు చేసి ఇసుకలోకి దించారు. నేను దాని మీదుగా దాటిపోయాను. వెనక నుంచి వాళ్ళ కేకలు వినిపించాయి. తిట్లో మెచ్చుకోళ్ళో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆయన చెప్పినట్టే బండి తిప్పుకుని వచ్చి, బయలుదేరిన చోట ఆపాను. పెంచలయ్య దిగి, ఉప్పునీటి తుంపర తుడుచుకుని, "మూడో గేరు వేసుంటే ఇంకా బాగుండు" అన్నారు. అంతే.

తోపులో నడుస్తూ మా ఆయనతో నా భయం చెప్పాను. "ఊళ్ళో ఏమంటారో?"

"కాన్పుకు పిలవడానికి వచ్చేవాళ్ళు ఏమీ అనరు. తక్కినవాళ్ళతో మనకేం పని?" అన్నారాయన. కాస్త ఆగి, "నేనూ నేర్చుకుంటాలే. నువ్వు అలిసిపోయినప్పుడు నడుపుతాను" అన్నారు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన మీద నాకు అంత ప్రేమ కలగలేదు.

ధర విషయం మస్తాన్ మధ్యలో కూర్చుని తేల్చారు. మేము అనుకున్నదానిలోనే అయింది. మర్నాడు కాలువ దాటించడమే పెద్ద పని. రెండు పలకలు వేసి బండిని పడవలోకి ఎక్కించి, నిలువుగా నిలబెట్టి తాళ్ళతో కట్టారు. కట్టెల పడవవాళ్ళు తమ పని ఆపుకుని వచ్చి చెయ్యివేశారు. పెంచలయ్య గట్టు దాకా వచ్చారు. "అవతల ఎక్కినాక ఒకతూరి స్టార్టు చేసి వినిపించు తల్లీ" అన్నారు.

అవతలి గట్టు ఎక్కాక నేనే కిక్కు కొట్టాను. మూడోసారికి అందుకుంది. కాలువ నీళ్ళ మీదుగా ఆ చప్పుడు అటు వెళ్ళింది. ఆయన చప్పుడు వైపు ముఖం తిప్పి, మిలిటరీవాళ్ళలా చెయ్యెత్తి నుదుటికి ఆనించారు. పక్కన రవణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. మేము మలుపు తిరిగేదాకా ఆయన చెయ్యి దించలేదు.

మస్తాన్ బండిని మెల్లగా నడిపి నెల్లూరు చేర్చారు, మేము బస్సులో వెళ్ళాం. అక్కడ టైర్లు, ట్యూబులు, వైర్లు, బ్రేకులు మార్చడానికి సెలవులు చాలావరకు ఖర్చయ్యాయి. పాతబండి కొనేవారు ఈ రోజులను ముందే లెక్కలో ఉంచుకోవాలి. తొందరపెడితే పని చెడుతుంది. సాయంత్రాలు పెన్న ఒడ్డున మస్తాన్ మా ఇద్దరికీ నేర్పారు. అక్కడ చూడవచ్చినవాళ్ళలో కొందరు నన్ను చూసి నోరు నొక్కుకున్నారు. మస్తాన్ భార్య మాత్రం ఇంటినుంచి సేమియా చేసి పంపి, "నాకు చూడాలని ఉండాది, ఒకసారి మా వీధిలో తిప్పమను" అని కబురు చేసింది. తిప్పాను.

తిరుగు ప్రయాణం బండి మీదే. పొద్దున్నే నెల్లూరు వదిలి, గూడూరులో ఇడ్లీ తిని, నాయుడుపేట దాకా మా ఆయన నడిపారు. స్వర్ణముఖి వంతెన దాటాక ఆపి, "ఇక నీ పల్లెల దారి" అని హ్యాండిలు నా చేతికిచ్చారు. తూర్పున సరస్సు మీద వానమబ్బు కమ్ముకుంటోంది. రోడ్డుకు రెండు పక్కలా నారుమళ్ళు. ఇన్నాళ్ళూ రైలు కిటికీలోంచి, ఎడ్లబండి మీదినుంచి చూసిన ఆ చోటు నాకు కొత్తగా కనిపించింది. ఎప్పుడూ నా మీదికి బరువుగా వచ్చి పడే దూరం, ఆ రోజు నా ముందు విప్పి పరిచినట్టుగా ఉంది.

ఒకచోట నారు మోసుకుపోతున్న ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా నిలబడి చూస్తుంటే బండి ఆపాను. వాళ్ళలో ఒక ముసలామె దగ్గరికొచ్చి, నా ముఖంలోకి తేరిపార చూసింది.

"ఎవురమ్మా నువ్వు?"

"నర్సునమ్మా. కాన్పులు చేస్తాను."

ఆమె బండిని చూసింది, వెనక కూర్చున్న మా ఆయనను చూసింది, మళ్ళీ నన్ను చూసింది. తర్వాత తూర్పుగా, రోడ్డంటూ లేని వైపు, మబ్బు కిందికి చెయ్యి చూపింది. "అదో, ఆ తాటిచెట్లకి అవతల మా పల్లె. మా కోడలికి ఏడో నెల. పిలిస్తే వస్తావా?"

"వస్తానమ్మా" అన్నాను.

ఆ మాట అంతకుముందు ఎన్నో పల్లెలకు ఇచ్చాను. చేరగలనన్న నమ్మకంతో ఇవ్వడం మాత్రం అదే మొదటిసారి.